నవ్వితే నడుము ఎంత?

వీధిలో అందరూ ఆమెను కత్తెరక్క అంటారు. గుడ్డ మీద కత్తెర ఎంత సూటిగా నడుస్తుందో నోరూ అంతే. కొలత తప్పు చెప్పినవాళ్లని ముఖం మీదే కడిగేస్తుంది. దుకాణం ఒకప్పుడు నాన్నది. ఇప్పుడాయన మతిమరుపుతో, మూల స్టూలు మీద కూర్చుని గుండీలు కుడుతుంటాడు.

అమ్మ పోయేనాటికి ఆమెకి నాలుగేళ్లు. ఇంట్లో ఫోటో ఒక్కటీ లేదు. అమ్మ ఎలా ఉండేదని అడిగితే నాన్న, "మనిషిలాగే ఉండేది" అనేసి సూదిలో దారం ఎక్కించుకునేవాడు. ఆ సమాధానం ఆమెకి ఇప్పటికీ ఒళ్లుమంటే.

మొన్న పాత పెట్టె సర్దుతుంటే తన అయిదో ఏటి గౌను కోసం కత్తిరించిన ఖాకీ కాగితం దొరికింది. వెనక్కి తిప్పితే పైన "మా ఆవిడ కోటు" అని, కింద నాన్న రాత. అదీ కవిత్వం! గుండీలు తప్ప లోకం తెలియని మనిషి కవిత్వం రాయడమేమిటని కత్తెరక్క నోరు వెళ్లబెట్టింది.

"నడుము ఇరవై ఎనిమిది, నవ్వితే" దగ్గర కాగితం తెగిపోయింది.

అంటే అది మొదట అమ్మ కోటుకి గీసిన కాగితం. దర్జీల ఇంట కాగితం పారెయ్యరు; పెద్దవాళ్లదాంట్లోంచే పిల్లలది కోస్తారు. అయితే మిగతా ముక్కలూ ఎక్కడో ఉండాలి. ఇంతకీ నవ్వితే ఎంత? అది తేలందే ఆమెకి ముద్ద దిగేలా లేదు. పెట్టె బోర్లించింది. జేబుల కోసం కత్తిరించిన కాగితాల కట్టలో ఒక ముక్క అంచుకి అంచు సరిపోయింది. "అరంగుళం ఎక్కువ." కత్తెరక్క టేపు తీసి తన నడుముకి చుట్టుకుని, పనిగట్టుకుని నవ్వి చూసుకుంది. తనకీ అరంగుళమే!

ఆఖరి పాదం మాత్రం "చెయ్యి ఇరవై రెండు, చాపితే" దగ్గరే ఆగింది. ఎంత వెతికినా ఆ ముక్క దొరకలేదు. కాగితం తెచ్చి నాన్న ఒళ్లో పెట్టింది.

"ఎవరి రాత ఇది?"

"నీదే నాన్నా."

"నా రాత ఇంత బాగుండి చస్తేగా!"

"అమ్మ కోటు కాగితం. ఎందుకు కోశావు?"

ఆయన గౌను అంచుని వేలితో తడిమాడు. "నీకు బడికి గౌను లేదు. ఇంట్లో కాగితం ఇదొక్కటే ఉంది."

"మరి చివర్న ఏం రాశావు? చెయ్యి చాపితే?"



"గుర్తు లేదమ్మా. కోసేముందు మళ్లీ చదవలేదు. చదివితే కొయ్యలేనని."

 కత్తెరక్క ఆయన చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుండిపోయింది.