వద్దంటే వద్దనే అని నేర్పిన సార్

సార్ పోయారన్న ఫోన్ వచ్చినప్పుడు నేను విజయవాడలో, మా హోటల్ రిసెప్షన్‌లో నిలబడి ఉన్నాను. ఎదురుగా ఒక పెద్దావిడ గది ఖాళీ చేస్తూ, ఆటో దొరుకుతుందా అని అడుగుతున్నారు. ఆటో పిలిపించాను, ఆవిడ సంచి మెట్లు దించాను, వెనక్కొచ్చి కౌంటర్ చాటున కూర్చుని ఏడ్చాను. "నవ్వు రాని రోజు నవ్వొద్దమ్మా, దొంగ నవ్వు మొహమ్మీద తెలిసిపోద్ది. మాట మెత్తగా ఉంచు, చాలు" అనేవారు సార్. ఆ పొద్దంతా అలాగే నెట్టుకొచ్చాను.

నరసరావుపేటలో ఒక బట్టల కొట్టు మేడమీద హోటల్ పనులు నేర్పే చిన్న ట్రైనింగ్ సెంటర్ ఆయనది. మెకానిక్ కొడుకు. హైదరాబాద్‌లో సర్వర్‌గా మొదలుపెట్టి, గల్ఫ్‌లో సూపర్‌వైజర్ దాకా చేసి, సొంతూరు మీద బెంగతో తిరిగొచ్చారు. ఊరికి ఆయన భాయ్, మాకు సార్. కూర్చున్న కుర్చీని లోపలికి జరపనిదే కదిలేవారు కాదు. ఒక పెళ్ళిలో తిని లేచి, తన కుర్చీతో ఆగక పంక్తిలో కుర్చీలన్నీ సర్దుకుంటూ పోతుంటే, "మిమ్మల్ని భోజనానికి పిలిచారా, పనికి పిలిచారా?" అని ఆయన భార్య, మా మేడమ్, అందరి ముందూ దెప్పారు. ఆయన నవ్వి, మిగిలిన రెండు కుర్చీలూ సర్ది వచ్చారు.

మా జూనియర్ కాలేజీకి వచ్చి మాట్లాడినప్పుడు ఆయన్ని మొదట చూశాను. హోటలంటే దోసె పెనం ఒక్కటే కాదన్నారు. రిసెప్షన్, గదుల నిర్వహణ, వంటగది, బేకరీ, ఆసుపత్రుల్లో వచ్చినవాళ్ళకు దారి చూపే కౌంటర్లు, విమానాశ్రయాలు, రైళ్ళలో భోజనం, ఇన్ని చోట్ల మనుషులు కావాలన్నారు. కష్టం దాచలేదు. కాళ్ళు పీకుతాయి, మొదట్లో జీతం తక్కువ, కోటప్పకొండ తిరునాళ్ళకు సెలవు దొరకదు, ముందే చెప్తున్నా అన్నారు. అంత నిజం చెప్పిన మనిషి మా కాలేజీకి అంతకుముందు రాలేదు. నేను పేరిచ్చేశాను.

ఇంట్లో మాత్రం అగ్గి రాజుకుంది. మాది ఈపూరు దగ్గర పల్లె, మిరప చేలు. మా నాన్న ససేమిరా అన్నాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి సారే బస్సెక్కి వచ్చారు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. నాన్న చిటపటలాడుతూ మొదలుపెట్టాడు.

"ఆడపిల్లని హోటల్లో పెట్టటమేంది భాయ్? నలుగురిలో పరువేం కావాల?"

సార్ తొణకలేదు. "మీ పెద్దమ్మాయి పెళ్ళిలో నెయ్యి గిన్నె పట్టుకుని పంక్తంతా ఎవరు తిరిగారండీ?"

"నేనే. పెళ్ళికూతురి తండ్రిని, నేను కాక ఎవరు తిరగాల?"

"వచ్చినోళ్ళకి వంగి వడ్డిస్తే అప్పుడు తగ్గని పరువు ఇప్పుడెందుకు తగ్గుద్ది?"

గడప దగ్గర్నుంచి అమ్మ, "అడిగినదానికి చెప్పవయ్యా" అని ఎగదోసింది. అలా నాన్న ఒప్పుకున్నాడు గానీ, ఊళ్ళో ఎవరడిగినా "కంపెనీలో ఉద్యోగం" అనే చెప్పేవాడు. ఏళ్ళు గడిచినా అదే మాట. చేస్తున్న పని నాకు సిగ్గు కాదు, నాన్నకు సిగ్గైనందుకే నాకు బాధ.

నా మొదటి వారం సంగతి ఇప్పటికీ గుర్తే. నరసరావుపేటలోనే ఒక భోజన హోటల్లో మాకు వడ్డన నేర్పేవారు. ఒకాయన చాలమ్మా అని ఆకుకు చెయ్యి అడ్డం పెట్టాడు. మన వైపు వద్దంటే ఇంకో గరిటె వెయ్యమనే కదా అర్థం! చెయ్యి పక్కకు జరిగేదాకా నిలబడి, సందు చూసి అన్నం వేసేశాను. ఆయన ఆకు మడిచి లేచిపోయాడు. ఇక ఈ పని నాకు రాదు, ఇంటికి పోతానని గోడవైపు తిరిగి ఏడుస్తుంటే సార్ వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఇంటికొచ్చినోళ్ళు వద్దంటే మొహమాటం. ఇక్కడ వద్దంటే వద్దనే. పల్నాడు పిల్లలందరూ మొదటి వారం చేసే తప్పు ఇదేనమ్మా. పెట్టే గుణం లేనోళ్ళకి నేను నేర్పలేను. నీకు అది చానా ఉంది, కాస్త తగ్గించటం నేర్పుతా, అంతే."

నేను ఈ ఉద్యోగంలో నిలిచింది ఆ మాటతోనే. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు గుంటూరు ఆసుపత్రి కౌంటర్లో ఉన్నారు, బెంగళూరు విమానాశ్రయంలో ఉన్నారు. ఒకమ్మాయి సత్తెనపల్లిలో సొంత బేకరీ పెట్టుకుంది. నాన్న కూడా పురుగుమందులకు నరసరావుపేట వచ్చినప్పుడల్లా ఆ మేడ ఎక్కి, సార్‌తో పంట కబుర్లు చెప్పి వచ్చేవాడు. నా ఉద్యోగం ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదట.

సార్ పోయిన మూడో రోజున ఆయన ఇంటికి నాన్నా నేనూ కలిసి వెళ్ళాం. వాకిట్లో షామియానా వేశారు. క్లాసులు ఆగనివ్వొద్దని, వారానికొకరం వచ్చి చెప్పాలని పాత విద్యార్థులం అప్పుడే అనుకున్నాం. అంతలో నూజెండ్ల నుంచి ఒక రైతు, వెంట కూతురు, సంగతి తెలియక సర్టిఫికెట్లు పట్టుకుని సెంటర్లో చేరడానికి వచ్చారు. సెంటర్ మూసి ఉంటే, దారి కనుక్కుని ఇంటికొచ్చారట. సార్ లేరని తెలిసి ఆ మనిషి సర్టిఫికెట్లు మళ్ళీ సంచిలో సర్దేశాడు. తర్వాత కూతురితో, "పోనీలేమ్మా, మన చుట్టాలకి కూడా ఇష్టం లేదుగా, పోదాం పద" అన్నాడు. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు.

నేను లేవబోయేలోగా నాన్న లేచాడు. వెళ్ళి ఆ మనిషి భుజం పట్టుకున్నాడు.

"ఎక్కడికయ్యా పోయేది? సారు లేకపోతే సారు నేర్పినోళ్ళు ఉన్నారు. నా కూతురు హోటల్లోనే చేస్తది. అదుగో, అదే."

హోటల్ అన్న మాట నాన్న నోట నలుగురిలో నేను వినడం అదే మొదటిసారి. ఆ రైతును తీసుకెళ్ళి ఒక బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. దూరానికి మాటలు వినపడలేదు. నాన్న చెయ్యి మాత్రం మాటిమాటికీ నా వైపే చూపిస్తోంది.