ముసురు రోజుల బిళ్ళ

ట్యూబులైట్ల పెట్టె స్విచ్ వేయగానే లోపలి చోకులన్నీ జుమ్మంటాయి. ఆ మోతకు మా వీధి కుక్కలు లేచి కూర్చుంటాయి. ఆ వెలుగుకు భద్రాచలం దాకా అడవిలో పక్షులన్నీ ఎండ కాసిందని మోసపోతాయి. బయట మాత్రం ముసురే. మూసిన రెప్పల మీద ఆ తెల్లదనం పడగానే నాకు కొమరన్న తలకు రాసుకునే ఆముదం వాసన వస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఇల్లందు దగ్గర ఒక బొగ్గు బాయిలో ల్యాంపు రూం గుమస్తాను. నేను కొమరన్న అని పిలిచే కొమరయ్య మా ఇన్‌ఛార్జి. వానొస్తే ఇద్దరు తలదాచుకోగలిగినంత మీసాలు. బాయిలోకి దిగే ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను మేకుకు తగిలించి, తలకు పెట్టుకునే ల్యాంపు తీసుకుంటాడు. పైకొచ్చాక ల్యాంపు ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. మేకుకు బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని అర్థం. మేకులన్నీ ఖాళీ అయ్యేదాకా కొమరన్న ఇంటికి పోయేవాడు కాదు.

నేను ఏనాడూ బాయిలోకి దిగలేదు. కానీ ఏటా అడవి మీద మబ్బు కమ్మితే లోలోపలే ఎక్కడికో దిగిపోయేవాణ్ణి. నా పడుకోవడం చూసి మంచమే అలిసి ఒక కాలు విరగ్గొట్టుకుంది. ఆకలి, నవ్వు, స్నానం అన్నీ సెలవు పెట్టేవి. ఆ ఏడు బతకాలన్న కోరిక కూడా సెలవు పెట్టింది. అప్పుడు కొమరన్న నా గది తలుపు కొట్టాడు.

"ఏంది తమ్మీ, వానలు రాంగనే గిట్లయితున్నవ్? పోయినేడు గూడ గంతే."

"ఒంట్లో బాగలేదన్నా."

"ఒంట్ల గాదు అది. లే, జల్దీ లే. దవాఖానకు పోదాం."

కొందరికి వెలుగు తగ్గే కాలంలో మనసు ఇలా కుంగుతుందని ఖమ్మం డాక్టరు చెప్పాడు. మందులతో పాటు రోజూ పొద్దున అరగంట బాగా తెల్లటి వెలుగు ముందు కూర్చోమన్నాడు.

"వెలుగేనా సార్? మా రూం నిండ అదే గద!" అన్నాడు కొమరన్న. మర్నాడు ర్యాకులోని ల్యాంపులన్నీ నా మొహం వైపు తిప్పి వెలిగించాడు. ఆ పూటంతా లోకం పచ్చటి మచ్చలై కనిపించింది. మేనేజరనుకుని బీరువాకు నమస్కారం పెట్టాను. డాక్టరు నెత్తి కొట్టుకున్నాడు. "కంట్లో పొడవడం కాదయ్యా, ఆకాశంలా పరుచుకోవాలి!" అప్పుడు కొమరన్న ట్యూబులైట్లు వరుసగా బిగించి, ముందు పాలరంగు ప్లాస్టిక్ రేకు పెట్టి, ఈ పెట్టె తయారుచేశాడు. నా కోసం ఒక బిళ్ళ కూడా చేయించాడు.

"కూసునేటప్పుడు మేకుకు తగిలియ్. అయినంక తీసి నా చేతిల వెట్టు. నువ్వు పైకొచ్చినవో లేదో నాకెర్కగావాలె."

ఆ అరగంటా నా పక్కనే కూర్చునేవాడు. "నీకెందుకన్నా?" అంటే, "ఊకెనే. కరెంటు వట్టిగ పోతది గద" అనేవాడు. ఆ వెలుగుతో నా జబ్బు ఎగిరిపోయిందని రాయాలని ఉంది. చాలా పొద్దులు దాని ముందు కూర్చుని ఏడ్చాను. అయినా చెయ్యి చాచి నిలబడ్డ మనిషిని చూసి, లేచి బిళ్ళ ఇచ్చేవాణ్ణి. అలా వానాకాలాలు దాటాయి.

కొమరన్న రిటైరై జూలూరుపాడు దగ్గర సొంతూరికి పోతుంటే పెట్టె తీసుకుపొమ్మన్నాను. "నాకెందుకు తమ్మీ, నేను మంచిగనే ఉన్న" అన్నాడు. మరుసటి ముసురులో కబురొచ్చింది. తిండి మాని, మాట మాని, వాన వెలవకముందే పోయాడట.

"వానలొస్తే ఆయన గంతేనయ్యా, పెండ్లయినకాడి నుంచి" అంది పరామర్శకు పోయిన నాతో వదిన. "గోడ దిక్కు మొకం పెట్టి పండుకునేటోడు. నీ ఎంబడి దీపం కాడ కూసున్న ఏండ్లే జర మంచిగుండె." కొమరన్న బొగ్గు కొట్టే రోజుల నాటి బిళ్ళ నా చేతిలో పెట్టింది.

ఇన్నేళ్ళుగా అన్నిటినీ పెంచి చెప్పే నా నోటికి, ఈ ఒక్కదాన్ని ఉన్నంత చెప్పడమే చేతకావడం లేదు. పెట్టె పక్కన గోడకు రెండు మేకులు కొట్టాను. ముసురు పొద్దుల్లో అరగంట కాగానే నా బిళ్ళ తీసి, చాచిన చెయ్యి ఏదీ లేదు గనక, జేబులో వేసుకుంటాను. రెండోది వేలాడుతూనే ఉంటుంది. షిఫ్టు ఎప్పుడో అయిపోయింది.