బుధవారం సాంబ్రాణి

చేపల కూర అరగంటలో అవుతుందంటే నమ్మనివాళ్లు ఏ బుధవారమైనా మా ఇంటికి రావచ్చు. చింతపండు నానబెట్టే పని లేదు, రాత్రంతా ఊరనిచ్చే పని అసలే లేదు. కర్నూలులో ఆఫీసు నుంచి వచ్చే దారిలో చేపలమ్మే ఆమె బొచ్చె చేపను కోసి, కడిగి ఇస్తుంది. ఇంటికొచ్చి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టిస్తాను. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక రెండు కట్టల చుక్కకూర వేస్తే చూస్తుండగానే కరిగి గుజ్జవుతుంది. పులుపంతా ఆ ఆకులోనే ఉంది. అందులో ముక్కలు పరిచి మూతపెట్టి, గరిటె పెట్టకుండా గిన్నెనే పట్టి తిప్పుతాను. అన్నం ఉడికేలోపు కూర దిగుతుంది.

ఇంత తేలికైన కూరను ఏడాదిపాటు దొంగలా వండాను.

మా ఆయన ఉద్యోగం కడపలో, ఆదివారాలు వస్తాడు. నేనూ, మూడో తరగతి చదివే మా అమ్మాయీ కర్నూలులో ఒక మేడమీది వాటాలో ఉండేవాళ్లం. ఇల్లు వెతికే రోజుల్లో ప్రతి గడపలోనూ మొదటి ప్రశ్న "ఏమోళ్లమ్మా మీరు?" అనే. రెండోది, ఏం తింటారని. తిరిగి తిరిగి విసిగిపోయి, చివరికి ఈ ఇంటామె "నీసు మా ఇంట్లోకి రాకూడదు" అంటే తల ఊపేశాను. బడి పక్క వీధిలోనే, నీళ్లకు ఇబ్బంది లేదు. తల ఊపడం నా తప్పే, కాదనను.

ఇక అక్కడినుంచి నా తెలివితేటలు చూడాలి. చేపలు టిఫిన్ డబ్బాలో వచ్చేవి. కిటికీలు మూసి, తలుపు దగ్గర రెండు సాంబ్రాణి కప్పులు వెలిగించేదాన్ని. ముళ్లు కవర్లో మూటకట్టి పొద్దున్నే ఆఫీసు దగ్గరి చెత్తకుండీలో వేసేదాన్ని. మా అమ్మాయికి ఒకటే పాఠం: ఎవరడిగినా పప్పు అని చెప్పు.

ఒక బుధవారం సాయంత్రం ఇంటామె తలుపు తట్టింది. చేతిలో పళ్లెం, పళ్లెం నిండా కనకాంబరాలు.

"ప్రతి బుధవారం నీ సాంబ్రాణి వాసన కిందికొస్తాంటాదమ్మా. పైనుండే బిడ్డను చూసి నేర్చుకోండి, ఎంత భక్తో అని మా కోడండ్లకు చెప్తాంటా. ఈ పూలు మీ సామికి పెట్టు" అంది.

ఆ సామి స్టవ్ మీద చుక్కకూరలో ఉడుకుతున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

ఆమె మా అమ్మాయి గడ్డం పట్టుకుని "ఏం కూర పాపా ఈ పొద్దు?" అని అడిగింది. అది నా వైపు చూడనైనా లేదు. వంటింటి తలుపును మడమతో వెనక్కి నెట్టి మూసి, "క్యాబేజీ, అవ్వా" అంది. నేను నేర్పింది పప్పు. క్యాబేజీ దాని సొంతం.

నాకు ఒళ్లు మండిపోయింది, నా మీద నాకే. తినే తిండికి సిగ్గుపడటం ఎనిమిదేళ్లకే దానికి ఇంత బాగా వచ్చేసింది.

"క్యాబేజీ కాదమ్మా, చేపలు" అన్నాను. "చుక్కకూర ఏసి చేసినా. సాంబ్రాణి పూజకు కాదు, ఈ వాసన మీకు తెలీకూడదని పెడతాండా."

ఆమె పూల పళ్లెం తన వైపు లాక్కుంది. "తింటామని ఆ పొద్దే చెప్పింటే సరిపోయేది కదమ్మా" అంది.

"చెప్పింటే ఇల్లు ఇచ్చింటారా?"

"నెలాఖరుకు వేరే ఇల్లు చూసుకోమ్మా" అని, పూల పళ్లెంతో సహా మెట్లు దిగింది.

సాంబ్రాణి మీద నీళ్లు పోశాను. కిటికీలు రెండూ బార్లా తెరిచాను. వాసన వీధి చివరిదాకా పోతే పోనీ అనుకున్నాను. ఇద్దరం కిటికీ కిందే కూర్చుని తిన్నాం.

"రేపు ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలమ్మా?" అంది మా అమ్మాయి, ముల్లు తీసుకుంటూ.

"ఏం తింటే అది చెప్పు" అన్నాను.

ఆ ఆదివారం మా ఆయన వచ్చాక ముగ్గురం ఇళ్లు చూడటానికి బయలుదేరాం. మూడో ఇల్లు అన్నివిధాలా బాగుంది. ఇంటి పెద్దాయన తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టబోయాడు. మా అమ్మాయి ముందుకెళ్లి నిలబడి, ఎవరూ అడగకుండానే, "తాతా, మేము చేపలు తింటాం" అంది. ఆయన తాళంచెవి మళ్లీ జేబులో వేసుకున్నాడు.

ఆ ఇల్లు మాకు రాలేదు. ఆ రోజు బుధవారం కాదు, అయినా దారిలో ఆగి కేజీ బొచ్చె కోయించాను.