అలియాబాద్ పిడుగురాయి

మానవజాతి కథంతా చెప్పే పుస్తకమొకటి మేడ్చల్‌లో మా పంతులమ్మ ఇవ్వడంతో ఈ ప్రయాణం మొదలైంది. మా ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి రోజూ సాయంత్రం పైకి చదివేదాన్ని. ఒక పుటలో ఆదిమానవుల రాతి గొడ్డలి బొమ్మ చూసి మా నాయిన నవ్వాడు. "గిది పిడుగురాయి. మొగులు మీదికెల్లి పడ్తది. అలియాబాద్‌ల జైనబీ ఖాలా ఇంట్ల ఒకటున్నది. మనిషి జేసిండని రాసినోడు అబద్ధాలకోరు. గసుంటి అబద్ధాలు నేర్చెటందుకు నీకు బడెందుకు?" నన్ను పై తరగతికి పంపాలా, మాన్పించాలా అని ఇంట్లో అప్పటికే మాటలు నడుస్తున్నాయి. "పోయి జూద్దాం నాయినా" అన్నాను.

మా ఊరు రావల్కోల్‌లో తెల్లవారకముందే బయలుదేరి ఎనిమిదికల్లా నడిచి మేడ్చల్ చేరాం. అక్కడ షామీర్‌పేటకు ఎడ్లబండి దొరికింది, మనిషికి రెండణాలు. రోళ్లకు, విసుర్రాళ్లకు గాట్లు పెట్టడం నాయిన పని. ఉలుల సంచి లేకుండా ఎక్కడికీ కదలడు. బండాయన నా చేతిలోని పుస్తకం చూసి "ఏంది బిడ్డా గది?" అన్నాడు. మనుషులందరి కథ అని చెప్పాను. "అందరిదీ గింతేనా? మా అన్నదమ్ముల పంచాయితి రాస్తెనే గంతకు రెండింతలైతది!" నాయిన పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పన్నెండుకు షామీర్‌పేటలో దిగి, జొన్నరొట్టెలు తిని, కాసేపు ఆగి నడక సాగించాం. మూడు దాటాక అలియాబాద్ చేరాం. జైనబీని ఊరంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తారు; ఆమె మేకలు పెంచుతుంది. మేకకు జబ్బు చేస్తే పిడుగురాయి ముంచిన నీళ్లు తాగిస్తుంది. మమ్మల్ని చూడగానే "ఎల్లయ్యా, ఇనుము బయటనే పెట్టి రా. పిడుగుకు ఇనుము పడది" అంది. నాయిన సంచి వదిలి, ఉత్త చేతులతో లోపలికి వచ్చాడు.

అరచేతిలో పట్టేంత నల్లరాయి. ఖాలా నీళ్లకుండలోంచి తీసిచ్చిన తడితోనే నాయిన దాన్ని గడపలో వాలే ఎండకు పట్టాడు. బొటనవేలితో అంచు తడిమాడు. రాయిని తిప్పి మళ్లీ తడిమాడు.

"నూరిండు" అన్నాడు చివరికి.

"ఎవలు?" అంది ఖాలా.

"ఎవలో. గీతలన్ని ఒక్క దిక్కే ఉన్నయి. ఇసుక, నీళ్లు పోసి నూరిండు. గిక్కడ పెచ్చు లేసింది. అయినా పారెయ్యలేదు, మళ్ల నూరిండు. గిది మొగులు పని గాదు ఖాలా. పనోడు జేసిండు."

ఎన్ని వేల ఏళ్ల కిందటి మనిషో! అతని చేతిలో జరిగిన పొరపాటును, దాన్ని సరిదిద్దుకున్న ఓపికను మా నాయిన వేలు చదివింది. ఖాలా మాత్రం రాయి లాక్కుని "ఎవలు జేస్తేంది? నా మేకలు బతుకుతున్నయి" అంటూ మళ్లీ కుండలో వేసింది.

బయట సంచి భుజాన వేసుకుంటూ నాయిన అడిగాడు. "గిసుంటి పుస్తకాలు ఇంకెన్నున్నయి?"

"మస్తున్నయి నాయినా."

"అయితె నువ్వు బడి మాన్తె నాకెవలు సదివి ఇనిపిస్తరు?"

ఆ పుటనే షామీర్‌పేట దాకా మళ్లీ మళ్లీ చదివించుకున్నాడు. అంతవరకు ఆ పుస్తకంలోని మనుషులు నాకు చాలా దూరపువాళ్లు. ఇప్పుడు గొడ్డలి బొమ్మ చూస్తే పక్కన ఇసుక, నీళ్లు పెట్టుకుని వంగి కూర్చున్న మనిషి కనబడుతున్నాడు. ఆ మనిషికి మా నాయిన చేతులే ఉన్నాయి.

మీరూ వెళితే ఇనుప వస్తువులు గడప బయటే ఉంచండి, మూడు దాటాకే చేరండి. రాయి తడిగా ఉండాలి, ఎండ ఏటవాలుగా పడాలి. నడినెత్తిన ఎండలో ఆ గీతలు కనబడవు.