ఏడో నంబరు బ్రిడ్జి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదు. ఇప్పుడు తెలిసినవి వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు గానీ, ఇరవై రెండేళ్ల వయసులో, చేతిలో ఫోను, అందులో పాత గిటార్ల గురించి ఎవరెవరో చేసిన ఓ నలభై వీడియోలు (సగం అర్థమయ్యేవి, మిగతా సగం అర్థమైనట్టు ఉండేవి) ఉండేసరికి మదనపల్లెలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ని. వాయిద్యాలు బాగుచేసే ఒక చిన్న అంగడిలో అప్పుడే పనికి చేరాను. మా ఓనరన్న ఆరు నెలలుగా నా చేత తబలాల దుమ్ము దులిపించి, కీబోర్డులకు వైర్లు అతికింపజేశాడే తప్ప, కిటికీ పక్కనున్న రిపేరు బల్ల దగ్గరికి మాత్రం రానివ్వలేదు. ఆ బల్ల ముందు కూర్చోవాలన్నదే అప్పట్లో నా జీవితాశయం. దానికోసం మా అమ్మ వెదికిపెట్టిన బట్టల షాపు ఉద్యోగాన్ని కూడా కాలదన్నాను.

ఒకరోజు అన్న పిలిచి, "పుంగనూరులో చర్చి పాటల గుంపులో వాయించే పెద్దయ్య దగ్గర పాత బేస్ గిటారుండాది. కుప్పంలో ఒక లెక్చరర్ సారు కొంటానంటాండాడు. కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉండాలంట. నువ్వు పోయి బ్రిడ్జి మార్చినారో లేదో సూసి సారుకు ఫోన్ చెయ్యి. సరిగ్గా చెప్పినావంటే రేపట్నుంచి బల్ల నీదే" అన్నాడు. తప్పు చెప్తేనో అన్నాను. "బట్టల షాపులో ఇంకా ఖాళీ ఉండాదేమో కనుక్కో" అన్నాడు, తల ఎత్తకుండానే. (బ్రిడ్జి అంటే మరేం లేదు. గిటారు పొట్ట మీద తీగల కింది చివరలు పట్టుకుని ఉండే లోహపు పలక. దాన్ని మార్చారంటే, పాత గిటార్లు కొనేవాళ్లకు పెళ్లికూతుర్ని మార్చినంత కోపం వస్తుంది.)

పెద్దయ్య ఇల్లు బస్టాండుకు దగ్గరే. ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాచిన వేళ్లతో గిటారును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన భార్య, పెద్దమ్మ, లోపల టీ పెడుతోంది. నేను ఆయన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే ఇక ఎక్స్‌పర్టునేమిటి? టార్చి నోట్లో కరుచుకుని తీగలు వదులు చేశాను, మరలు విప్పాను, పలక లేపాను. కింద రంగు మీద ఇంకో పలక అచ్చు కనిపించింది, కాస్త చిన్నది. పక్కన అగ్గిపుల్లలు కుక్కి మూసిన రెండు పాత బెజ్జాలు. అంటే బ్రిడ్జి మార్చారు! నా గుండె ఆనందంతో గంతులేసింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

ఆ పలక దిట్టమైన ఇత్తడిది. అంచులు నున్నగా, చేత్తో దిద్దినట్టు ఉన్నాయి. వెనక్కి తిప్పితే, కొట్టిన అంకె: 7. జర్మనీలో ఇలా నంబర్లు వేసి కొద్దిగా మాత్రమే చేసే బ్రిడ్జిల గురించి ఏదో వీడియోలో చూశాను. "అది గాదప్పా..." అని పెద్దయ్య రెండుసార్లు నోరు తెరిచాడు. "ఒక్క నిమిషం పెద్దయ్యా" అని ఆయన్ను ఆపి (ఇప్పుడు తలుచుకుంటే చెవులు కాలతాయి) కుప్పం సారుకు ఫోన్ కొట్టాను. "సార్, ఒరిజినల్ కాదు. అంతకంటే గొప్పది. జర్మనీ బ్రిడ్జి సార్, లిమిటెడ్ ఎడిషన్, ఏడో నంబరు!" పాపం సారు కాలేజీకి సెలవు పెట్టి, రెండు గంటల్లో బైకు మీద వచ్చి వాలాడు.

ఆయన పలకను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటే, రెండోసారి టీ తెచ్చిన పెద్దమ్మ తొంగిచూసింది.

"అయ్యో, నా నంబరు గదప్పా ఇది! యాల ఊడబెరికినారు?"

"మీ నంబరేంటమ్మా?" అన్నాడు సారు.

"మదనపల్లె పట్టు మిషన్లలో పదైదేండ్లు ఏడో తొట్టి కాడ పట్టుగూళ్ల నుంచి దారం తీసినాను నాయనా. యూనిట్టు మూసేసేప్పుడు తొట్టికి కొట్టిన ఈ బిళ్లని అడిగి తెచ్చుకున్న్యా. ఆ ఏడు క్రిస్మస్ ముందర ఈయన గిటారు పలక ఇరిగిపోతే, ఇచ్చేసినా. ఈ పిల్లోడి ఓనరే, అప్పుడింకా మీసాలు గూడా రాలే, మా అరుగు మీద కూసోని రెండు దినాలు ఆకురాయితో రుద్ది చేసిచ్చినాడు."

నేను పెద్దయ్య వైపు చూశాను. "నువ్వు అడిగితే గదప్పా చెప్పేది" అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. చీలలేదు. పలక బిగించి, తీగలు ఎక్కించాను. సారు తిట్టలేదు, ఒకసారి వాయించమన్నాడంతే. పెద్దయ్య మొండికేసే వేళ్లతోనే ఒక పాత కీర్తన ఎత్తుకున్నాడు, పెద్దమ్మ గడప దగ్గర నిలబడి గొంతు కలిపింది. అయ్యాక సారు ఆ పలకను ఒకసారి వేలితో తడిమాడు. "నాకు కంపెనీదే కావాలి పెద్దయ్యా. కానీ దీన్ని ఎవరికీ అమ్మొద్దు" అని లేచాడు. పెద్దయ్య ముఖం వెలిగిపోయింది. ఆ ఇంట్లో ఏడుపు ముఖంతో ఉన్నది నేనొక్కణ్నే.

తిరుగు బస్సులో రెండు అబద్ధాలు తయారు చేసుకున్నాను. అంగట్లో అడుగుపెట్టగానే రెండూ మరిచిపోయాను.

"ఏమని చెప్పినావు?" అన్నాడు అన్న.

"మార్చినారని కనిపెట్టినానన్నా. కానీ... జర్మనీది అని చెప్పినాను."

అన్న చేతిలోది కింద పెట్టేశాడు. "ఏ దేశం? ఇంకోసారి చెప్పు." చెప్పాను. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, ఎదురుగా టీ కొట్టాయన్ను కేకేశాడు. "ఇన్న్యావా, నేను జర్మనీ వోణ్నంట!" తర్వాత చొక్కాతో కళ్లు తుడుచుకుని, "నేను చేసిందే అది, కనిపెడతావో లేదో సూద్దామనే నిన్ను పంపినా. ఇన్నేండ్లలో నా పనిని ఇంతగా పొగిడినోడు లేడప్పా. పో, కూసో బల్ల కాడ. ఇంకోసారి మాత్రం మర ఇప్పేముందు ఇంట్లోవాళ్లని అడుగు" అన్నాడు.

ఇప్పుడు అన్న రావడం మానేశాడు, బల్ల నాది. కురబలకోట నుంచీ, పెద్దతిప్పసముద్రం నుంచీ వచ్చే పాత గిటార్లకు నేనే ఇత్తడి పలకలు ఆకురాయితో దిద్ది బిగిస్తుంటాను. ప్రతి పలక అడుగునా ఒక 7 కొడతాను. (పెద్దమ్మను అడిగే మొదలుపెట్టాను. "కొట్టుకో నాయనా, నాదేం అరిగిపోతుంది" అంది.) పోయిన నెల ఒక కుర్రాడు అంగట్లో వేలాడుతున్న పాత బేస్ చూడటానికి వచ్చాడు. నన్నేమీ అడగలేదు. ఫోను చూసుకుంటూ, టార్చి నోట్లో కరుచుకుని, మరలు విప్పి, నా పలకను వెనక్కి తిప్పి చాలాసేపు చూశాడు. "అన్నా, నీకు తెలుసో లేదో, ఇది మన దేశంలో చేసింది కాదు" అన్నాడు.

నేను రెండుసార్లు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. ఎదురు కొట్టుకు రెండు టీలు చెప్పి, వాడి నోట్లోంచి టార్చి తీసి, వాడికి బాగా కనపడేలా నేనే పట్టుకున్నాను.