ఒకే షెడ్డు, రెండు బోర్డులు

ఆకివీడులో నా చేపల మేత గోడౌను తగలబడింది పక్కనున్న థర్మాకోల్ పెట్టెల వ్యాపారి వల్లేనని ఇప్పటికీ అంటారు. అది అబద్ధం. ఆ గోడౌను షెడ్డులోనే సగం ఆయన నా దగ్గర అద్దెకు తీసుకున్నారు.

ఇదే చోట వేరే వ్యాపారం ఉందా అని ఇన్సూరెన్సు ఫారంలో అడిగితే, లేదని రాసింది నేను. ఉందంటే ప్రీమియం పెరుగుతుందని. ఇన్సూరెన్సువాళ్లు తనిఖీకొచ్చే రోజున ఆయనతో, "ఒక్క పూట మీ సరుకు కనపడకూడదండీ" అన్నాను.

"దానిదేముందండీ, బోర్డు కూడా దింపేస్తాను. ఎవరని అడిగితే మీ బావమరిదినని చెప్పమంటారా?" అని నవ్వి, పెట్టెలన్నీ లారీకెక్కించి, ఎండలో రోడ్డు మీద నిలబడ్డారు.

ఆర్నెల్లకు నా మోటారు వైరు దగ్గరే నిప్పు రాజుకుంది. కరిగిన థర్మాకోల్ చూసి, నిజం దాచారంటూ కంపెనీ క్లెయిము తోసిపుచ్చింది. ఊరు ఆయన్ని తిట్టింది. నేను నోరు విప్పలేదు. ఆ తర్వాత ఆయనకు ఎవరూ షెడ్డు అద్దెకివ్వలేదు.

"ఇప్పుడివన్నీ ఎందుకండీ, పరువు పోతుంది" అంటోంది మా ఆవిడ. పోతే పోనీ. కొత్త షెడ్డులో సగం ఆయనకే ఇచ్చాను. ఫారంలో రెండు వ్యాపారాలూ నా చేత్తోనే రాశాను. ఆయన బోర్డు నా బోర్డు పైన కట్టించాను. దింపమనేవాళ్లుంటే నా ఎదుటకొచ్చి అనమనండి.