కళ్ళు లేని మొహం

పార్థివ నామ సంవత్సరం, అంటే 1885. రాజమహేంద్రవరంలో గోదావరి రేవుకు దగ్గరలో మా పని అరుగు. వీధి భాగవతులకు తొడుక్కునే మొహాలు చేయడం నా వృత్తి. మట్టి అచ్చు మీద పాతగుడ్డ పేలికల్ని చింతపిక్కల బంకతో పొరలు పొరలుగా అంటించి, ఆరాక ఊడదీసి రంగు వేస్తాం. అన్నిటికన్నా ఆఖరున కళ్ళు తెరుస్తాం, అంటే వేషగాడు చూడడానికి కంతలు పెడతాం.

ఆ వేసవిలో కొవ్వూరు నుంచి పడవ దాటి ఒక ముసలాయన, ఆయన కోడలు సీతాలు వచ్చారు. ఆమె నుదుట రూపాయంత బొట్టు.

"నాకో మొహం కావాలండి. రోజూ కల్లోకొస్తోంది," అంది.

"ఏ వేషమమ్మా?"

"వేషం కాదండి. కలలో గోదారే ఉండదు. ఈ ఒడ్డు నించి ఆ ఒడ్డు దాకా ఇసకే. అక్కడ మొహం తొడుక్కుని ఒకడు నిలబడతాడు. 'నీ మొగుడు మునిగిపోలేదే, నీళ్ళెక్కడున్నాయి?' అంటాడు. తెల్లటి మొహం, నవ్వుతా ఉంటాది, కళ్ళు మాత్రం లేవండి. అది ఇంట్లో ఉంటే పగలు కూడా ఆ మాట చెబుతాడని."

ముసలాయన నన్ను పక్కకు పిలిచాడు.

"మావోడు పడవ తిరగబడి పోయాడు బాబూ, ఏడు నెలలైంది. శవం దొరకలేదు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేద్దామంటే, బతికున్న మనిషిని తగలేస్తారా అంటుందండి. నేను పోయేలోగా నా బిడ్డకి ఇన్ని నీళ్ళొదలాలి. చెయ్యనని చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

చెప్పవలసిందే. కానీ నాకు పనిపిచ్చి. కలలో చూసిన మొహం చేయమని అంతకుముందు ఎవరూ అడగలేదు. పది రోజులాగి రమ్మన్నాను.

పదో రోజున మొహం చేతికివ్వగానే ఆమె మండిపడింది. "కళ్ళొద్దని చెప్పానా లేదా? ఇవేంటండి?"

అయ్యో రామా! చెయ్యి అలవాటున తెరిచేసింది. తప్పు నాదే, అయినా ఒప్పుకునే బుద్ధి ఆ వయసులో నాకెక్కడిది! "కళ్ళు లేకపోతే తొడుక్కున్నవాడు ఏ గోతిలో పడతాడు? ముందు పెట్టుకుని చూడమ్మా, తర్వాత తిడుదువుగాని," అని ఎదురు కసిరాను.

విసురుగా పెట్టుకుంది. ఆ కంతల్లోంచి పక్కలేవీ కనిపించవు, ఎదురుగా ఉన్నదొక్కటే కనిపిస్తుంది. ఎదురుగా మామగారు కూర్చున్నాడు. ఆమె ఆయన వైపు కాస్త ముందుకు వంగింది.

"మావయ్యగారూ," అంది లోపల్నించి, "ఇంతలా చిక్కిపోయారేంటండి?"

ఆయన పైపంచె నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ నవ్వుమొహం కిందినుంచి ఆమె కన్నీళ్ళు కారి రవిక తడిసింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాకు భయమేసి మొహం తీయబోతే ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనివ్వండి బాబూ. ఏడు నెలల్లో ఇదే మొదటిసారి ఏడవడం."

మేమిద్దరం అలాగే కూర్చున్నాం. నాకూ కళ్ళు చెమర్చాయి. చివరికి ఆమె, మొహం తీయకుండానే, "ఆయన ఇక రారు కదండీ? దర్భలు తెప్పించండి, మావయ్యగారూ," అంది.

మొహం ఉన్నది మనిషిని దాచడానికే అనుకునేవాణ్ణి. దాని వెనక ఏడవడానికి కాస్త చోటుంటుందని ఆ రోజే తెలిసింది. అప్పట్నుంచీ, కొలత చూసుకోడానికి మొహం పెట్టుకున్నవాళ్ళు ఎంతసేపు తీయకపోయినా నేను తొందరపెట్టను.